అందమైన వ్రాత ఎవరి కొఱకు?

“ముత్యములవంటి అక్షరములు” అను మాట మన యిండ్లలో తఱచుగా వినబడును. బిడ్డ పలకమీద ఓనమాలు కుదురుగా దిద్దిన దినమున తల్లి ఆ మాట అని మురియును. పెండ్లి శుభలేఖ చూచిన పెద్దలు ఆ మాటయే అందురు. అయితే ఆ ముత్యముల నీటు ఎందున్నదో, వానిని ఏర్చి కూర్చు నేర్పు ఎట్టిదో మనము విచారింపము. చిత్రలేఖనమునకు విమర్శ కలదు. సంగీతమునకు విమర్శ కలదు. కవిత్వమునకైతే అవసరమునకు మించియే కలదు. చేవ్రాతకు మాత్రము లేదు. దానిని మనము మర్యాదగా ఎంచుదుము గాని విద్యగా ఎంచము.

ఇటీవల మన చదువుకొన్న కుటుంబములలో జపాను లేఖనకళయెడ ఆసక్తి కలుగుచున్నది. కుంచెయు సిరాకణికయు తెప్పించుకొని అభ్యసించువారును ఉన్నారు. మేమును ఆ విద్య స్వరూపము తెలిసికొన యత్నించితిమి. తెలిసికొన్నకొలదియు మా చూపు తిరిగి తిరిగి అనంతపురపు ఎఱ్ఱనేలమీదికే వచ్చినది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు ఈ మెట్టసీమలో వ్రాత అలంకారము కాదు. చెఱువు వంతు, పొలము హద్దు, తీరువ బాకీ అన్నియు వ్రాతలోనే ఉండినవి. కావున ఆ దేశమువారు వ్రాతను ఎట్లు నేర్చిరో చెప్పి, మన సీమలో వ్రాత యేమైనదో విచారించి, రెంటిని ఒకే గీటురాయిమీద గీచి చూడ దలచితిమి. ఆ గీటురాయి ఇది: ఒక వ్రాత ఎవరిని గూర్చినదో, ఎవరి బ్రతుకు దానిపై ఆధారపడినదో, వారు దానిని చదువగలుగుచున్నారా?

జపానువారు ఈ విద్యను ‘షోదో’ అందురు. వ్రాతమార్గము అని దాని అర్థము. దానికి ముఖ్య పరికరములు నాలుగు: కుంచె, సిరాకణిక, ఆ కణికను నీటితో అరగదీయు రాయి, కాగితము. మసిని జిగురుతో కలిపి ఎండబెట్టినదే సిరాకణిక. మన యింట గంధము తీసినట్లు దానిని నెమ్మదిగా అరగదీసి సిరా సిద్ధము చేసికొందురు. ఆ కాగితము సిరాను ఇట్టే పీల్చుకొనును గనుక ఒకసారి వేసిన గీతను మరల దిద్దుటకు వీలులేదు. దిద్దిన యెడల ఆ దిద్దుబాటు కంటికి కొట్టవచ్చినట్లు కనబడును.

అక్షరరీతులు అయిదు. మొదటిది ‘తెన్షో’. ఇది మిక్కిలి ప్రాచీనము. గీతలన్నియు ఒకే లావున ఉండును. నేటికిని ముద్రలపై చెక్కుటకు వాడుదురు. రెండవది ‘రేయిషో’. చీనాలో కచేరీ వ్రాయసగాండ్ర చేతిలో పుట్టిన యీ రీతిలో అక్షరము అడ్డముగా విశాలమై, అడ్డగీత కొస అలవలె పైకి లేచును. జపాను నోట్లపై బ్యాంకు పేరు ఈ రీతిలోనే కనబడును. మూడవది ‘కైషో’, ప్రతి గీతయు విడివిడిగా నిలిచిన నిలుకడ వ్రాత. నాలుగవది ‘గ్యోషో’, గీతకును గీతకును చుట్టఱికము కలిసిన నడక వ్రాత. అయిదవది ‘సోషో’, పెక్కు గీతలు ఒక్క చుట్టులో కరగిపోవు పరుగు వ్రాత. చరిత్రలో పరుగు వ్రాత నిలుకడ వ్రాత కుదురుకొనుటకు ముందే రూపుదాల్చినను, నేర్పునపుడు మాత్రము నిలుకడ వ్రాతయే ముందు. శాశ్వతము అను అర్థము గల ఒక అక్షరమున ఎనిమిది విధములైన గీతలు ఉన్నవి. శిష్యుడు ఆ యొక్క అక్షరమునే మాటిమాటికి వ్రాసి చేతికి నడక నేర్పుకొనును. పిమ్మట పూర్వగురువుల వ్రాతలను ఎదుట పెట్టుకొని అట్లే దింపును. ఈ దింపుటకు ‘రిన్షో’ అని పేరు.

ఈ పద్ధతిని చూచి, ఇది వట్టి అనుకరణ యనియు, ఇందు స్వతంత్రబుద్ధికి చోటెక్కడ యనియు మనవారు కొందఱు ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణ పైపై చూపు వలన కలిగినది. చీనా లేఖకులలో అగ్రగణ్యుడైన వాంగ్ షీజీ 353లో వ్రాసిన సుప్రసిద్ధమైన పీఠిక యొక్క మూలప్రతి నేడు లేదు. తరువాతివారు దింపిన ప్రతులే ఉన్నవి. దింపుట అను విద్య లేకుండినచో ఆయన పేరు మాత్రమే మిగిలి యుండును. అదియుగాక, పరుగు వ్రాతలోని సంక్షేపము ఎవరికి తోచినట్లు వారు చేయునది కాదు. ఏ గీతలు కలిసి ఏ చుట్టు అగునో దానికి సంప్రదాయము కలదు. శిష్యుని చేయి ఆ చుట్టు నేర్చునపుడే అతని కన్నును దానిని విప్పి చదువ నేర్చుచున్నది. వ్రాయుటయు చదువుటయు జంటగా నేర్పబడుటయే ఆ విద్యలోని మేలిగుణమని మా అభిప్రాయము. అందము ఆ తరువాతి మాట.

ఇందు మన స్త్రీలు ముఖ్యముగా గమనింపదగిన విషయము ఒకటి కలదు. జపాను రాజాస్థానమున పురుషుల విద్య చీనాభాషలో సాగుచుండగా, 9వ శతాబ్ది నాటికి చీనా అక్షరముల పరుగు వ్రాత ఇంకను కరగి ‘కన’ అను తేలిక లిపి ఏర్పడెను. దానిలో ఒక తెగకు ‘ఒన్నాదె’, అనగా ఆడుచేయి, అని పేరు. పండితులు తక్కువగా చూచిన ఆ ఆడుచేతి వ్రాతలోనే 11వ శతాబ్ది తొలినాళ్ళలో మురాసాకి షికిబు అను స్త్రీ ‘గెంజి కథ’ను రచించెను. నేడు లోకము జపాను సాహిత్యమని తలచుకొనునపుడు ముందుగా తలచునది ఆ గ్రంథమునే. ఆ లిపిలో అక్షరములను కుంచె ఎత్తకుండ ఒకదానితో నొకటి కలుపుకొనిపోవు నేర్పును ‘రెన్మెన్’ అందురు. ఈ మాట చదువరులు గుర్తుంచుకొందురు గాక; మన సీమలో దీని తోబుట్టువును ముందు చూడబోవుచున్నాము.

ఇంకొక చుట్టఱికమును కలదు. జపాను బాలురు వల్లించు అక్షరముల వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలిడి, క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగును. ఇది మన వర్ణమాల నడకయే. బౌద్ధమతముతో వెళ్ళిన సంస్కృత వర్ణక్రమమే ఆ వరుసకు మూలము. 806లో చీనానుండి మరలివచ్చిన కూకాయి అను భిక్షువు జపాను మహాలేఖకులు మువ్వురిలో ఒకడు. సంస్కృతమును వ్రాయు సిద్ధలిపి విద్య అచట పాదుకొనుటకు ఆయన ముఖ్యకారకుడు. ఆ సిద్ధలిపికిని, మన తెలుగు లిపికిని మూలమైన తల్లి ఒక్కతె. ఆమెయే బ్రాహ్మి. ఆ తల్లి చేవ్రాతను చూచుటకు మనము సముద్రము దాటనక్కఱలేదు. గుత్తికి ఎనిమిది మైళ్ళ దూరమున, పత్తికొండ పోవు దారిలో, ఎఱ్ఱగుడి బండలమీద అది ఉన్నది.

ఎఱ్ఱగుడి శాసనములు క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకుడు చెక్కించినవి. 1920ల చివర అనూ ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞునివలన అవి లోకమునకు తెలిసెను. పదునాలుగు ప్రధాన శిలాశాసనములును, లఘుశాసనములును ఒక్కచోటనే ఉండుట ఆ స్థలపు విశేషము. మేము ఆ బండల నడుమ నిలిచినపుడు ముందుగా తోచినది అక్షరముల నిరాడంబరత. నిలువుగీత, అడ్డగీత, వలయము, కొక్కెము, ఇంతే సామగ్రి. తలకట్టు లేదు, ఒంపు లేదు. జపాను వారి ‘తెన్షో’వలె ఒకే లావుగల గీతతో చెక్కిన అక్షరములవి. సామ్రాజ్యపు ఆజ్ఞకు తగిన గాంభీర్యము వానియందు కలదు.

కాని అచటి లఘుశాసనమును విమర్శకుని కంటితో చూచినచో విచిత్రము కనబడును. కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి పోవుచుండగా, మఱికొన్ని కుడినుండి ఎడమకు పోవుచున్నవి. మడక దున్నువాడు చాలు కొసకు పోయి ఎద్దులను మరల్చుకొని వచ్చినట్లు లేఖకుడు పంక్తిని మరల్చినాడు. అదియైనను నియతముగా లేదు. పంక్తి విడిచి పంక్తి వచ్చు క్రమము నడుమ చెడిపోయినది. దీనిని నేర్పుగా మెచ్చుకొనువారు కలరు. మేము మెచ్చుకొనజాలము. చదువువానిని ఇటునటు త్రిప్పుట వలన ఆజ్ఞకు ఒనగూడిన మేలు ఏమియు లేదు. లేఖకుడు తన చేతిని చూచుకొనినాడు గాని ఎదుట నిలుచువాని కన్నును తలపలేదు.

ఈ దోషమునకు అన్నయో తమ్ముడో అనదగిన ఉదాహరణ మన రాయదుర్గపు ఎల్లకు ఆవల, చిత్రదుర్గ జిల్లాలోని బ్రహ్మగిరి శాసనమున కలదు. 1892లో రైసు దొరగారు వెలువరించిన ఆ శాసనము చివర చపడుడు అను లేఖకుడు తన పేరు వ్రాసికొని, లేఖకుడు అను అర్థమిచ్చు మాటను మాత్రము ఖరోష్ఠీ లిపిలో చెక్కినాడు. ఖరోష్ఠి వాయవ్య దేశపు లిపి. కుడినుండి ఎడమకు నడచునది. దక్షిణదేశపు కొండయొద్ద ఆ లిపి చదువగలవారు ఎందఱుండిరి? అతడు ఆ మాట ఊరివారి కొఱకు వ్రాయలేదు. నాకు రెండు లిపులు వచ్చునని తనవంటి వేఱొక లేఖకునికి చెప్పుటకై వ్రాసెను. మనకు పేరు దొరికిన ప్రాచీన లేఖకులలో ఒకడైన చపడునియందు మాకు గౌరవము లేకపోలేదు. రెండువేల రెండువందల యేండ్లు దాటినను ఆ సంతకములోని గర్వము మాయలేదు. అయినను మా గీటురాయిమీద ఆ గర్వము నిలువదు.

ఇట్లు లేఖకుని తప్పెంచిన మేము శాసనకర్తను మెచ్చుకొనవలసి యున్నది. ఎఱ్ఱగుడి లఘుశాసనమున ఈ ఆజ్ఞను భేరి మ్రోయించి జనపదమునకు తెలియజేయవలెనని రజ్జుకులను ఉద్యోగులకు ఉత్తరువు కలదు. అనగా చెక్కిన అక్షరము చాలదని ఆనాడే తెలియును. చదువురాని కాపునకు బండ మూగది. దానికి నోరు భేరి. ఇంకను ఆశ్చర్యకరమైన సంగతి ఒకటి. తమ శిష్యులకు ఈ ధర్మము బోధింపవలసినదని ఆ శాసనము పేర్కొన్న వారిలో ఏనుగు నెక్కువారు, బ్రాహ్మణులు మొదలగువారితోపాటు ‘కరణకులు’ కలరు. వ్రాయసగాండ్రని దాని అర్థము. మన ఊరి కరణమునకు పూర్వీకమైన మాట ఈ సీమ బండమీదనే చెక్కబడి యున్నది, అదియు ఎట్లు? నీకు వచ్చిన దానిని ఇతరులకు నేర్పుమను ఆజ్ఞతో చెక్కబడి యున్నది. ఆ ఆజ్ఞ ఎంతవఱకు చెల్లినదో ఇక చూతము.

బండనుండి తాటాకునకు దిగిన పిదప బ్రాహ్మి వలయముల వైపు మొగ్గెను. గంటముతో ఆకు ఈనె వెంబడి తిన్నని గీత గీచినచో ఆకు చీలును గనుక దక్షిణ లిపులు గుండ్రదనమును ఆశ్రయించినవని పెద్దలందురు. 575 ప్రాంతమున రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కలమళ్ళ శాసనమున తెలుగు వాక్యము శిలపై కనబడుచున్నది. దొరికిన తెలుగు శాసనములలో ఇదియే మొదటిదని పెక్కురి మతము. తరువాతి శతాబ్దులలో తెలుగు కన్నడ లిపులు ఒకే చెట్టు కొమ్మలుగా పెరిగి వేఱుపడినవి. మన తలకట్టు ఆ పెరుగుదలలో నిలిచిన అందమైన గురుతు. అక్షరము నెత్తిన పెట్టిన చిన్న రెక్కవలె అది గుండ్రని ఒడలికి ఎగురు గుణము నిచ్చుచున్నది.

ఈ గుండ్రని అక్షరమును పరుగెత్తించినవాడు కరణము. ఆకుమీద, కాగితముమీద అతడు వ్రాయు రీతికి ‘గొలుసుకట్టు’ అని పేరు. ఒక అక్షరపు తలకట్టు తరువాతి అక్షరమునకు కొక్కెమగును; సిరా తీఱువఱకు కలము లేవదు; మాటకును మాటకును నడుమ ఎడము ఉండదు; పంక్తి అంతయు ఒక్క త్రాడువలె సాగును. జపానువారి ‘రెన్మెన్’కు తోబుట్టువని మేము చెప్పినది దీనినే. మన సీమలో లెక్కలకు కడితమును వాడుకలో ఉండెను. బట్టకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి మడతలు పెట్టిన నల్లని పుస్తకమది. బలపముతో వ్రాసి, తుడిచి, మరల వ్రాయవచ్చును. ఊరి కవిలెలు, హద్దుల పత్రములు, చెఱువుల వంతులు ఈ చేతిలోనే నిలిచినవి. మంచి కరణము వ్రాసిన పుటను దూరముగా పెట్టి చూచినచో గాలికి వంగిన కొఱ్ఱచేను గుర్తునకు వచ్చును. వేగము, సమత, చేతి తేలిక, అన్నియు అందున్నవి. కళ యనుటకు వలసిన గుణములలో ఏదియు లోపింపలేదు.

అయినను దానిని కళగా ఎవరును ఎంచలేదు; భయముగా ఎంచిరి. ఎందులకు? 1800లో నిజాము ఈ సీమను కంపెనీకి దత్తము చేసిన పిమ్మట, మన్రో దొర అనంతపురమున కొలువుండి 1807 వఱకు దత్తమండలములను పాలించి రైతువారీ పద్ధతిని పాదుకొల్పెను. సర్కారు ఇక ఊరితో కాక ఒక్కొక్క రైతుతో ఒక్కొక్క పొలమునకు లెక్క చూచును. అనగా ప్రతి రైతు బ్రతుకును ఒక పంక్తిగా మారినది. ఆ పంక్తి కరణము గొలుసుకట్టులో నుండెను. కఱవు వచ్చిన యేట పైరు పండినదని వ్రాసిరో, ఎండినదని వ్రాసిరో, తీరువ తగ్గినదో లేదో, బీడుగా విడిచిన చెలక ఎవరి పేర నున్నదో, అన్నియు ఆ గొలుసులోనే. రైతు దానిక్రింద వ్రేలిముద్ర వేసెను. తన్ను గూర్చిన వ్రాతను తాను చదువజాలక, చదివి చెప్పుమని వ్రాసినవానినే అడుగవలసి వచ్చెను. శతకకారులు కరణములను గూర్చి అన్ని హెచ్చరికలు చెప్పుటకు కారణము వారి కులమో గుణమో కాదు. తాళపుచెవి ఒక్కని మొలలోనే ఉండుట.

న్యాయము చెప్పవలెనన్నచో, ఆ వ్రాత మోసమునకై పుట్టినది కాదు. తక్కువ జీతమునకు, జమాబంది గడువులోపల, దీపపు వెలుగున నూఱుల పంక్తులు దింపవలసినవానికి కలమెత్తు తీఱిక లేదు. నిజాయితీగా వ్రాసిన కరణములు పెక్కుమంది. వారి లెక్కలు లేకుండినచో మన ఊళ్ళ చరిత్రయే లేదు. దోషము వ్రాతలో లేదు. దానిని చదువ నేర్పకుండుటలో ఉన్నది. తండ్రి కొడుకునకు ఇంటిలో నేర్పినాడు, వీధిబడిలో నేర్పలేదు. కరణకులకు ఎఱ్ఱగుడి బండ చేసిన ఆజ్ఞ అక్కడ తెగినది.

ఈ మాటలు కేవలము సిద్ధాంతములు కావని చూపుటకు మేమెఱిగిన ఒక కుటుంబపు సంగతి చెప్పెదము. ముత్తాత త్రవ్వించిన బావి ఒకటి రెండు శాఖలకు ఉమ్మడి. పెట్టెలో పాతకాలపు పారీఖత్తు ఒకటి ఉండెను; గొలుసుకట్టులో ఉన్నందున ఎవరును చదువలేదు. నీరు నిండుగా ఉన్నన్నాళ్ళు ఎవరికిని అక్కఱయు కలుగలేదు. బావి ఇగిరినపుడు వంతులకై తగవు వచ్చెను. చదువుకొన్న మనుమడొకడు పత్రము విప్పి, అంకెలు ఉండవలసిన చోట గీతలే ఉన్నవనియు, అవి పంక్తి విరామములు కాబోలుననియు తేల్చెను. తుదకు పొరుగూరి వృద్ధుడొకడు వచ్చి వ్రేలు పెట్టి చదివెను. పాత లెక్కలలో నిలువుగీత ఒకటి కాలు, అడ్డగీత ఒకటి వీసము. పెద్ద శాఖకు రెండు నిలువుగీతలు, ఒక అడ్డగీత, అనగా అరయు వీసమును. చిన్న శాఖకు ఒక నిలువుగీత, మూడు అడ్డగీతలు, అనగా కాలును మూడు వీసములును. పెద్ద శాఖవారు సంతోషించునంతలో వృద్ధుడు తరువాతి పంక్తి చదివెను: హెచ్చు వంతు తినువారే ఏటేట పూడిక తీయింపవలెను. ఆ పంక్తి విన్న పిమ్మట సమముగా పంచుకొని, పూడిక ఖర్చును సమముగా భరించుటకు ఇరువురును ఒప్పుకొనిరి. ఆ యింటి ముదుసలి అవ్వ పూడిక మాట ఎన్నో యేండ్లుగా చెప్పుచునే ఉండెనట. అక్షరము రానిదాని మాట యని ఎవరును చెవిని పెట్టలేదు. ఆమె అత్తయొద్ద విన్నది నిజము. పత్రములో నున్నది నిజము. రెండు నిజములకు నడుమ ఒక గొలుసు అడ్డముగా నున్నది.

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యముగా వచ్చుచుండిన కరణము మున్నగు గ్రామోద్యోగములను రద్దుచేసెను. ఆ సంస్కరణను మేము మెచ్చుకొందుము. ఒక్కని మొలలోని తాళపుచెవిని ఊడదీయుట ధర్మమే. కాని తాళపుచెవిని ఊడదీసి నూతిలో పాఱవేసితిమేమో యని ఇప్పుడు శంక కలుగుచున్నది. గొలుసుకట్టు వ్రాయువారు పోయిరి. చదువువారును వారి వెనుకనే పోవుచున్నారు. పూర్వము ఆ వ్రాతను ఒక్కడైనను చదువగలిగెను. ఇక ఒక్కడును లేకపోవు దినము దగ్గఱపడుచున్నది. రైతునకు మునుపు మూసియుండిన తలుపు నేడు అందఱికిని మూసికొనుచున్నది. దీనిని సమత్వ మనుట వెఱ్ఱి.

జపానును మెచ్చుకొనువారు ఇచట ఆ దేశమును మేలుబంతిగా చూపుదురు. నిజమే, అచట మూడవ తరగతినుండి బడిపిల్లలకు కుంచెవ్రాత నేర్పుదురు, 2021లో ఆ ప్రభుత్వము షోదోను సాంస్కృతిక సంపదగా నమోదుచేసెను. కాని వారి కథయు మచ్చలేనిది కాదు. 1900లో ప్రాథమిక పాఠశాలల కొఱకు ఒక్కొక్క ధ్వనికి ఒక్క కన అక్షరమే యని నిర్ణయించి, తక్కిన రూపములను విడిచిరి. బిడ్డలకు చదువు సులభమైనది. అది గొప్ప మేలు. కాని అంతకు పూర్వపు పరుగు వ్రాత పుస్తకములు, ఉత్తరములు, ఊరి పత్రములు మనుమల కాలమునకే మూగవైనవి. నేడు వానిని చదువగలవారు ఆ దేశ జనమున మిక్కిలి కొద్దిమంది. ఆ కొఱత తీర్చుటకై అచటి పరిశోధకులు యంత్రమునకే ఆ వ్రాత నేర్పి, పుటను ఛాయాచిత్రము తీసినచో నేటి అక్షరములలో చూపునట్టి ‘మివో’ అను సాధనమును 2021లో ప్రజలకు ఉచితముగా నిచ్చిరి. కళగా కాపాడిన దేశమునకే ఇట్టి అవసరము కలిగినపుడు, కళగా గుర్తింపనైన గుర్తింపని మనకు ఎంత అవసరము!

కావున మా తీర్పు ఇది. వ్రాతలో అందము లేఖకుని చేతిలో సగమే ఉన్నది; తక్కిన సగము చదువరి కన్నులో ఉన్నది. చపడుని ఖరోష్ఠి మాటయు, కరణము గొలుసుకట్టును చేతి సగమున గొప్పవి. కంటి సగమున లోపించినవి. నేటి మన అచ్చక్షరము కంటి సగమున గొప్పది. దానితో తృప్తిపడి చేతి సగమును మనము విడిచితిమి. ఇప్పుడు ఫోనులో వ్రేలితో తాకి వ్రాయుచున్నాము గదా, చేవ్రాతతో పని యేమి యని కొందఱందురు. క్రొత్తగా వ్రాయుటకు పని లేకపోవచ్చును. పాత వ్రాతను చదువుటకు పని ఉన్నది. దానిని చదువుట నేర్చుకొనుటకు సులభమైన మార్గము దానిని వ్రాసి చూచుకొనుటయే. ‘రిన్షో’ మనకు నేర్పు పాఠము ఇంతకంటె మఱేమియు కాదు.

ఇందులకు కుంచెయు సిరాకణికయు అక్కఱలేదు. మన బడులలో పిల్లలు గుండ్రని నిలుకడ వ్రాత దిద్దిన తరువాత, పై తరగతులలో వారమునకొక గంట గొలుసుకట్టు పుటను ఎదుట పెట్టి దింపించి చదివింపవచ్చును. కాలు, అర, వీసము గురుతులు లెక్కల పాఠములోనే చెప్పవచ్చును. గొలుసుకట్టు ఎఱిగిన వృద్ధులు ఇంకను కొన్ని ఊళ్ళలో ఉన్నారు. వారియొద్ద కూర్చుండి ఒక్కొక్క పుటను చదివించుకొని, ప్రక్కనే నేటి అక్షరములలో వ్రాసి ఉంచినచో ఆ జంటపుటలే రేపు యంత్రమునకును పాఠ్యపుస్తకము లగును. ఈ పని సర్కారు చేయునని ఎదురుచూడనక్కఱలేదు. ప్రతి యింట ఒక పెట్టె ఉన్నది. పెట్టెలో ఒక కట్ట ఉన్నది. చదువుకొన్న కోడండ్రు, కూతుండ్రు ఆ కట్టను ముందుగా విప్పుదురు గాక. ఆస్తి మాట మగవారిదని ఇన్నాళ్ళు వారిని ఆ పెట్టెకు దూరముగా నుంచితిమి. ఆడుచేతి వ్రాత ఒక దేశమునకు సాహిత్యమిచ్చినదని పైన చూచితిమి. మన సీమలో ఆడుచూపు మన పత్రములకు మరల నోరిచ్చునేమో!

ఎఱ్ఱగుడినుండి తిరిగివచ్చుచు గుత్తికొండ నీడను చూచుచున్నపుడు మాకొక తలపు కలిగెను. ఆ బండమీది అక్షరములును ఒకప్పుడు ఎవరికిని తెలియక వందలయేండ్లు మూగగా పడియుండినవే. 1837లో జేమ్సు ప్రిన్సెపు బ్రాహ్మిని చదివి చూపిన తరువాతనే దేశములోని అశోకుని అక్షరములన్నిటికిని నోరు వచ్చెను. గొలుసుకట్టునకు అంతటి ప్రిన్సెపు అక్కఱలేదు. దానిని చదువువారు నేడు ఇంకను బ్రతికియున్నారు. వారు పోకమునుపే మనము వెళ్ళి కూర్చుందుమా, లేక పోయిన పిదప పండితుని కొఱకు ఎదురుచూతుమా యనునదే మన ముందున్న ప్రశ్న. ఈ నెల యింటికి పోయినపుడు పెట్టె తెఱచి చూడుడు.